‘బట్’ ఒక్కటే కాదు: ఇంగ్లిష్‌లో తేడా చూపే మాటల్ని తెలుగు దారిలో నేర్చుకోవడం ఎలా?

ఐఈఎల్‌టీఎస్ (విదేశీ చదువులకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష) రాయబోతున్న ఒకమ్మాయి మొన్న తన వ్యాసం తెచ్చి నా ముందు పెట్టింది. సుమారు 260 మాటలుంటుంది. అందులో ‘బట్’ 11 సార్లు వచ్చింది. ఆ పరీక్షలో రెండో వ్యాసానికి కనీసం 250 మాటలు రాయాలి, 40 నిమిషాల్లో ముగించుకోమంటారు. మార్కులు వేసే నాలుగు కొలమానాల్లో ఒకటి వాక్యాల మధ్య పొందిక. ఒకే మాట పదేపదే వస్తే అక్కడ దెబ్బ తగులుతుందని ఎవరో చెప్పారట. అందుకని ఒక జాబితా ముందు పెట్టుకుని, ప్రతి ‘బట్’నూ కొట్టేసి, ఒక చోట ‘నెవర్‌దలెస్’, ఒక చోట ‘వేరాజ్’, ఇంకో చోట ‘ఆన్ ద కాంట్రరీ’ అని నింపేసింది.

రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చదివాను. మొదటిది చప్పగా ఉంది, అర్థం మాత్రం సరిగ్గా ఉంది. రెండోదానిలో అర్థమే విరిగిపోయింది. ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. ఆన్ ద కాంట్రరీ, ఐ లైక్ సిటీ లైఫ్’ అని ఉంది ఒక చోట. దీన్ని తెలుగులో పెడితే, ‘మా నాన్న రైతు. అబ్బే, అలా కానే కాదు, నాకు పట్నం ఇష్టం’ అన్నట్టు వస్తుంది.

ఈ మాటల్ని ‘బట్’కు పర్యాయపదాలుగా బట్టీ పట్టించడం దగ్గరే తప్పు జరుగుతోందని నా నమ్మకం. ఇవి పర్యాయపదాలు కావు. ఏ రకం తేడా చెబుతున్నామో, రెండు ముక్కల్లో బరువు దేనిమీద వేస్తున్నామో చెప్పే గుర్తులు. ఆ తేడాలన్నీ మన తెలుగులో ముందే ఉన్నాయి, రోజూ తప్పు లేకుండా వాడుతున్నాం. కాబట్టి జాబితా పక్కన పెట్టి తెలుగు నుంచి మొదలుపెడదాం.

మొదటి మెట్టు: మీ వాక్యాన్ని తెలుగులో పైకి అనండి

‘బట్’ అని రాయబోయే ముందు ఆ విషయాన్ని ఇంట్లో వాళ్లతో చెబుతున్నట్టు అనుకోండి. మీ నోట వచ్చే తెలుగు మూడు రకాల్లో ఏదో ఒకటై ఉంటుంది.

ఒకటి, అనుకున్నట్టు జరగకపోవడం. ‘వాన పడింది, అయినా మ్యాచ్ జరిగింది.’ వాన పడితే మ్యాచ్ ఆగాలి, ఆగలేదు. ఇక్కడ తెలుగులో ‘అయినా’, ‘పడినా’, ‘పడినప్పటికీ’ వస్తాయి.

రెండు, రెండింటిని పక్కపక్కన నిలబెట్టడం. ‘అక్కేమో హైదరాబాద్‌లో ఉంటుంది, నేనేమో ఊళ్లోనే ఉంటాను.’ అక్క పట్నంలో ఉంటే నేనూ అక్కడే ఉండాలని ఎవరూ అనుకోలేదు. ఉన్నది పోలిక మాత్రమే. మన దగ్గర ‘ఏమో’, ‘మాత్రం’ ఈ పని చేస్తాయి.

మూడు, ఒకటి కొట్టేసి దాని స్థానంలో ఇంకోటి పెట్టడం. ‘ఆయన డాక్టరు కాదు, కాంపౌండరు.’ ఇక్కడ ‘కాదు’, ‘బదులు’, ‘కాదు సరికదా’ లాంటివి వస్తాయి.

పరీక్ష చాలా తేలిక. ‘అయినా’ పెట్టి చూడండి. ‘అక్క హైదరాబాద్‌లో ఉంటుంది, అయినా నేను ఊళ్లో ఉంటాను’ అంటే వినేవాళ్లు ‘అయితే ఏమైంది?’ అని అడుగుతారు. అంటే అది మొదటి రకం కాదు. ‘బట్’ ఈ మూడు రకాలకూ సరిపోతుంది కాబట్టే దాన్ని అన్ని చోట్లా వాడేస్తాం. మిగిలిన మాటల్లో చాలావాటికి ఆ వెసులుబాటు లేదు, వాటి ఇల్లు వాటికుంది.

రెండో మెట్టు: ‘-ఇనా’ను వాక్యం తోక నుంచి తలకు తేవాలి

పెద్ద తప్పులన్నీ ఈ మెట్టు మీదే జరుగుతాయి, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

బడిలో తెలుగు వ్యాకరణం చదివినప్పుడు చేదర్థకం, అప్యర్థకం అని రెండు నేర్చుకున్నాం. ‘వస్తే’ చేదర్థకం, ‘వచ్చినా’ అప్యర్థకం. ఆ అప్యర్థకమే ఇంగ్లిష్‌లో ‘ఆల్దో’, ‘దో’, ‘ఈవెన్ దో’. తేడా అంతా చోటులోనే ఉంది. తెలుగులో ఆ గుర్తు క్రియ చివర అతుక్కుంటుంది: వాన పడి-నా. ఇంగ్లిష్‌లో ఉపవాక్యానికి ముందు నిలబడుతుంది: ‘ఆల్దో ఇట్ రెయిన్డ్’. తోకలో ఉన్నదాన్ని తలలోకి మార్చడమే మనం చేయాల్సిన పని.

ఆ మార్పు మధ్యలో ఒక చిక్కు వస్తుంది. తలలో ‘ఆల్దో’ పెట్టాక, వాక్యం సగంలోకి రాగానే తెలుగు చెవికి ఏదో లోటు అనిపిస్తుంది. ఇక్కడ ఒక ‘కానీ’ పడాలి కదా అనిపించి ‘బట్’ చేరుస్తాం. ‘ఆల్దో ఇట్ రెయిన్డ్, బట్ ద మ్యాచ్ వెంట్ ఆన్.’ ఇది తప్పు. తెలుగులో ‘వాన పడినా కానీ మ్యాచ్ జరిగింది’ అని మాట్లాడేటప్పుడు చెల్లిపోతుంది, ఇంగ్లిష్‌లో రెండూ కలిసి ఉండవు. ‘ఆల్దో’ పెడితే ‘బట్’ తీసేయాలి, ‘బట్’ ఉంచితే ‘ఆల్దో’ తీసేయాలి.

‘ఆల్దో ఇట్ రెయిన్డ్, ద మ్యాచ్ వెంట్ ఆన్.’
‘ఇట్ రెయిన్డ్, బట్ ద మ్యాచ్ వెంట్ ఆన్.’

రెండూ సరైనవే.

ఇంకో తప్పు ‘కూడా’ వల్ల వస్తుంది. ‘చెప్పినా కూడా రాలేదు’ అనే అలవాటుతో ‘ఈవెన్ ఐ టోల్డ్ హిమ్, హీ డిడ్ నాట్ కమ్’ అంటాం. ‘ఈవెన్’ ఒక్కటే ఉంటే అది రెండు వాక్యాల్ని కలిపే మాట (కంజంక్షన్) కాలేదు. ఆ వాక్యం ఇంగ్లిష్ చెవికి ‘నేను సైతం చెప్పాను’ అని వినిపిస్తుంది. దాని పక్కన ‘దో’ ఉండి తీరాలి: ‘ఈవెన్ దో ఐ టోల్డ్ హిమ్, హీ డిడ్ నాట్ కమ్.’ రాసేటప్పుడు ఈ రెండు మాటల మధ్య ఖాళీ వదలాలి. కలిపి ఒకే మాటగా రాయడం తప్పు.

ఇక అసలు కిటుకు. ఈ రెండు వాక్యాలు చూడండి.

వాన పడినా వెళ్లాను.
వాన పడినా వెళ్తాను.

తెలుగులో ‘పడినా’ రెండు చోట్లా ఒకటే. మొదటిదానిలో వాన నిజంగా పడింది. రెండోదానిలో పడుతుందో లేదో ఎవరికీ తెలియదు. మన భాష ఆ తేడాను చివరి క్రియకు వదిలేస్తుంది. ఇంగ్లిష్ మాత్రం మొదటి మాటలోనే తేల్చుకోమంటుంది. జరిగిపోయినదైతే ‘ఈవెన్ దో’, జరగొచ్చు జరగకపోవచ్చు అయితే ‘ఈవెన్ ఇఫ్’.

‘ఈవెన్ దో ఇట్ రెయిన్డ్, ఐ వెంట్.’
‘ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ గో.’

రెండోదానిలో ‘రెయిన్స్’ అనే ఉంది, ‘విల్ రెయిన్’ అని లేదు. ‘ఈవెన్ ఇఫ్’ తర్వాత భవిష్యత్తు చెప్పడానికి వర్తమాన కాలమే వాడాలి. ఇంటర్వ్యూల్లో దీన్ని తారుమారు చేస్తే అర్థం చాలా దూరం పోతుంది. ‘ఈవెన్ దో యు డోంట్ సెలెక్ట్ మీ, ఐ విల్ ట్రై అగైన్’ అంటే, ‘మీరు నన్ను తీసుకోవట్లేదు, ఆ సంగతి తేలిపోయింది’ అని మనమే చెప్పినట్టు అవుతుంది. అక్కడ ‘ఈవెన్ ఇఫ్’ కావాలి.

‘ఎంత’, ‘ఏం’, ‘ఎవరు’ లాంటి ప్రశ్న మాటలతో కలిసిన ‘-ఇనా’కు ఇంగ్లిష్‌లో వేరే అచ్చు ఉంది. ‘ఎంత కష్టపడినా మార్కులు రాలేదు’ అంటే ‘హౌఎవర్ హార్డ్ హీ వర్క్డ్, హీ డిడ్ నాట్ గెట్ గుడ్ మార్క్స్.’ ‘నువ్వేం చెప్పినా వినడు’ అంటే ‘నో మ్యాటర్ వాట్ యు సే, హీ విల్ నాట్ లిజన్.’ ‘హైదరాబాద్ అంటే ఎంత ఇష్టమైనా అక్కడ ఉండలేను’ అంటే ‘మచ్ యాజ్ ఐ లైక్ హైదరాబాద్, ఐ కెనాట్ లివ్ దేర్.’ ఈ చివరిది నాకు చాలా ఇష్టం. మనవాళ్ల రాతల్లో అరుదుగా కనిపిస్తుంది, కానీ తెలుగు మనసుకు ఎంత దగ్గరగా ఉందో చూడండి.

మూడో మెట్టు: క్రియ లేని చోట ‘డిస్పైట్’

‘ఆల్దో’ వెనక పూర్తి ఉపవాక్యం రావాలి, అంటే ఎవరు, ఏం చేశారు అన్న రెండూ ఉండాలి. ‘డిస్పైట్’ వెనక నామవాచకం కానీ, ‘-ఇంగ్’ రూపం కానీ రావాలి. తెలుగులో ‘వాన పడినా’, ‘వాన ఉన్నా’ రెండూ ఒకే మూసలో వస్తాయి కాబట్టి మనం ఈ గీతను గమనించం.

‘ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్...’
‘డిస్పైట్ ద రెయిన్...’
‘డిస్పైట్ హ్యావింగ్ ఎ ఫీవర్, షీ రోట్ ద ఎగ్జామ్.’

‘డిస్పైట్ ఇట్ వాజ్ రెయినింగ్’ అనకూడదు. మరీ తప్పదనిపిస్తే ‘డిస్పైట్ ద ఫ్యాక్ట్ దట్’ అనొచ్చు, కానీ అంత పొడవు ఎందుకు, ‘ఆల్దో’ చేతిలోనే ఉందిగా.

‘డిస్పైట్ ఆఫ్’ అనేది మనవాళ్ల రాతలో విపరీతంగా కనిపించే తప్పు. ‘ఇన్ స్పైట్ ఆఫ్’లో ‘ఆఫ్’ ఉంది, ‘డిస్పైట్’లో లేదు. నిజానికి ‘స్పైట్’ అన్న మాట ‘డిస్పైట్’ కురచబడి వచ్చిందే. లాటిన్‌లో కిందికి చూడడం, చిన్నచూపు చూడడం అనే అర్థమున్న మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. వానను చిన్నచూపు చూసి, లెక్కచేయకుండా వెళ్లాం అని గుర్తుపెట్టుకుంటే ఆ మాటలో ఉన్న పౌరుషం కూడా పట్టుబడుతుంది. ‘ఇన్ స్పైట్ ఆఫ్’ మూడు మాటలు, మొదటి రెండూ కలిపి రాయకూడదు.

ఇదే కుటుంబంలో పెద్దమనిషి ‘నాట్‌విత్‌స్టాండింగ్’. రోజువారీ రాతలో దీన్ని వాడమని చెప్పను, చదివి అర్థం చేసుకోవడం మాత్రం అవసరం. తెలుగువాళ్లకు దీనితో దగ్గరి బంధుత్వమే ఉంది. 1973 నాటి 32వ సవరణ చట్టంతో రాజ్యాంగంలోకి వచ్చిన 371-డి అధికరణం మన చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికతకు ఆధారం. దాని పదో క్లాజు, రాజ్యాంగంలోని ఏ ఇతర నిబంధనలో గానీ, అమల్లో ఉన్న ఏ ఇతర చట్టంలో గానీ ఏమున్నప్పటికీ, ఈ అధికరణమే చెల్లుతుందని అంటుంది. ఆ ‘ఏమున్నప్పటికీ’ దగ్గర ఇంగ్లిష్ మూలంలో ఉన్నది ఈ ‘నాట్‌విత్‌స్టాండింగ్’ అనే మాటే. లాయర్లు ఇలాంటిదాన్ని నాన్ అబ్‌స్టాంటే క్లాజ్ అంటారు. ఆ ఒక్క మాటతో ఆ నిబంధన మిగతా వాటి మీద పైచేయి తీసుకుంటుంది. మామూలుగా రాయాల్సివస్తే దీన్ని నామవాచకం తర్వాత కూడా పెట్టొచ్చు: ‘ద రెయిన్ నాట్‌విత్‌స్టాండింగ్, వి వెంట్.’

నాలుగో మెట్టు: బరువు ఎటు వేస్తున్నారు?

పెళ్లిచూపులయ్యాక ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుకునే మాట తీసుకోండి.

అబ్బాయి మంచివాడే కానీ జీతం తక్కువ.
జీతం తక్కువే కానీ అబ్బాయి మంచివాడు.

విషయాలు అవే రెండు. మొదటి మాట వింటే సంబంధం తప్పిపోయిందని అర్థమవుతుంది. రెండోది వింటే కుదిరిందని అర్థమవుతుంది. ‘కానీ’ తర్వాత వచ్చిందే తీర్పు. ‘బట్’ కూడా అచ్చంగా అంతే.

ఆఫీసు మెయిల్‌లో ఇది ప్రాణం. ‘ద టీమ్ వర్క్డ్ హార్డ్, బట్ ద రిలీజ్ వాజ్ డిలేడ్’ అని రాస్తే చదివిన మేనేజర్ మనసులో ఆలస్యమే మిగులుతుంది. ‘ద రిలీజ్ వాజ్ డిలేడ్, బట్ ద టీమ్ ఫిక్స్‌డ్ ఎవ్రీ బగ్’ అంటే పని మిగులుతుంది. నిజం రెండింటిలోనూ దాచలేదు, ఏది చివరికి రావాలో నిర్ణయించుకున్నాం అంతే.

‘ఆల్దో’తో బరువు ఇంకో రకంగా పడుతుంది. అది తగిలిన ముక్క వెనక్కి తగ్గుతుంది, తగలని ముక్క ముందుకొస్తుంది. ‘ఆల్దో ద రిలీజ్ వాజ్ డిలేడ్, ద టీమ్ ఫిక్స్‌డ్ ఎవ్రీ బగ్’ అన్నప్పుడు ఆలస్యాన్ని ఒప్పుకుని పక్కన పెట్టాం. ‘డిస్పైట్ ద డిలే’ అంటే ఇంకా చిన్నదైపోతుంది, ఒక పూర్తి వాక్యమే రెండు మూడు మాటల్లోకి కుదించుకుపోయింది కదా. కాబట్టి ఎదుటి విషయానికి ఎంత చోటు ఇవ్వాలనుకుంటున్నారో దాన్ని బట్టి ఎంచుకోండి. సమానంగా చెప్పాలంటే ‘బట్’, ఒప్పుకుని దాటేయాలంటే ‘ఆల్దో’, ప్రస్తావించి వదిలేయాలంటే ‘డిస్పైట్’.

‘ఆల్బీఇట్’ అని ఒకటుంది. ‘ఆల్-బీ-ఇట్’ అని మూడు ముక్కలుగా పలకాలి. అది పుట్టింది కూడా ఆ మూడు మాటల కలయికతోనే. దీని తర్వాత సాధారణంగా చిన్న ముక్కే వస్తుంది: ‘ద వర్క్ ఈజ్ మూవింగ్, ఆల్బీఇట్ స్లోలీ.’ మన ‘పని నడుస్తోంది, మెల్లగానే అనుకోండి’ లాంటిది. ఒక వ్యాసంలో ఒక్కసారి చాలు.

ఐదో మెట్టు: ‘ఏమో’, ‘మాత్రం’ వచ్చిన చోట

‘అక్కేమో... నేనేమో...’ అన్న పోలికకు ఇంగ్లిష్‌లో ‘వైల్’, ‘వేరాజ్’ సరైనవి. ‘మై సిస్టర్ లివ్స్ ఇన్ హైదరాబాద్, వైల్ ఐ లివ్ ఇన్ అవర్ విలేజ్.’ ‘వైల్’కు ‘చేస్తూండగా’ అనే అర్థం కూడా ఉంది కాబట్టి, చదివేవాళ్లు తికమకపడతారనిపిస్తే ‘వేరాజ్’ వాడండి. ‘వాన పడినా వెళ్లాను’ రకం వాక్యంలో మాత్రం ‘వేరాజ్’ పెట్టకూడదు. అది రెండు విషయాల్ని పక్కపక్కన చూపించే మాట, ఆటంకాన్ని దాటే మాట కాదు.

‘అన్‌లైక్’ దగ్గర జాగ్రత్త. ‘అన్‌లైక్ హైదరాబాద్, రెంట్స్ ఆర్ లో ఇన్ వరంగల్’ అని రాస్తాం. ఇక్కడ ఒక ఊరిని అద్దెలతో పోల్చినట్టయింది. ఊరికి ఊరే ఎదురు రావాలి: ‘అన్‌లైక్ హైదరాబాద్, వరంగల్ హ్యాజ్ లో రెంట్స్.’ కామా తర్వాత మొదట వచ్చే మాట, ‘అన్‌లైక్’ పక్కనున్న మాట ఒకే జాతివి కావాలి. ఇది చూసుకుంటే చాలు.

‘మాత్రం’ గురించి ఒక మంచి సంగతి చెప్పాలి. ‘అక్కలు వచ్చారు. తమ్ముడు మాత్రం రాలేదు.’ మనవాళ్లు ఈ ‘మాత్రం’ను ‘ఓన్లీ’గా మార్చి ఇబ్బంది పడతారు. దానికి అసలు జోడీ వాక్యం మధ్యలో వచ్చే ‘హౌఎవర్’. ‘మై సిస్టర్స్ కేమ్. మై బ్రదర్, హౌఎవర్, డిడ్ నాట్.’ తెలుగులో ‘మాత్రం’ ఎవరి పక్కన నిలబడిందో, ఇంగ్లిష్‌లో ‘హౌఎవర్’ కూడా వాళ్ల పక్కనే, రెండు కామాల మధ్య నిలబడింది. చాలామంది ‘హౌఎవర్’ను ఎప్పుడూ వాక్యం మొదట్లోనే పెడతారు. ఇలా లోపలికి జరిపితే తేడా ఎవరి దగ్గరుందో వేలు పెట్టి చూపించినట్టుంటుంది.

ఆరో మెట్టు: ‘ఇది కాదు, అది’

ఇక మన అమ్మాయి వ్యాసంలో విరిగిన ‘ఆన్ ద కాంట్రరీ’ సంగతి. ఇది రావాలంటే ముందు ఒక మాట ఉండాలి, దాన్ని మనం తోసిపుచ్చాలి. ‘హీ ఈజ్ నాట్ లేజీ. ఆన్ ద కాంట్రరీ, హీ వర్క్స్ టిల్ మిడ్‌నైట్.’ తెలుగులో ‘బద్ధకస్తుడు కాదు సరికదా, అర్ధరాత్రి దాకా పనిచేస్తాడు.’ ‘కాదు సరికదా’ మీ నోట సహజంగా వస్తేనే ‘ఆన్ ద కాంట్రరీ’ రాయండి. రాకపోతే అది మీకు కావాల్సిన మాట కాదు.

‘ఆన్ ది అదర్ హ్యాండ్’ వేరు. అది నాణేనికి రెండో వైపు చూపిస్తుంది, మొదటి వైపును కాదనదు. ‘పట్నంలో జీతాలు ఎక్కువ. ఇంకోవైపు ఖర్చులూ ఎక్కువే.’ రెండూ నిజాలే. తండ్రి రైతు, కూతురికి పట్నం ఇష్టం అన్న వాక్యానికైతే ఇవేవీ అక్కర్లేదు, ఒక ‘వైల్’ చాలు.

‘బదులు’కు ‘ఇన్‌స్టెడ్ ఆఫ్’, ‘రాదర్ దాన్’ ఉన్నాయి. ‘ఇన్‌స్టెడ్ ఆఫ్’ తర్వాత క్రియ వస్తే ‘-ఇంగ్’ తప్పనిసరి: ‘ఇన్‌స్టెడ్ ఆఫ్ వెయిటింగ్ ఫర్ ద బస్, వి వాక్డ్.’

ఏడో మెట్టు: చుక్కలు, కామాలు

ఇది త్వరగా ముగించొచ్చు, కానీ దాటేయకూడదు. ‘బట్’, ‘యెట్’ రెండు పూర్తి వాక్యాల్ని ఒకే వాక్యంగా కలపగలవు, ముందు ఒక కామా చాలు. ‘హౌఎవర్’, ‘నెవర్‌దలెస్’, ‘నన్‌దలెస్’ అలా కలపలేవు. రెండు వాక్యాల మధ్య వస్తే వాటి ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ ఉండాలి, తర్వాత కామా ఉండాలి.

తప్పు: ‘ద హోటల్ వాజ్ ఫుల్, హౌఎవర్ వి గాట్ ఎ టేబుల్.’
సరైనది: ‘ద హోటల్ వాజ్ ఫుల్. హౌఎవర్, వి గాట్ ఎ టేబుల్.’

దీన్నే తెలుగులో చూడండి. ‘అయితే’ అని కొత్త వాక్యం మొదలుపెట్టే ముందు మనమూ ఊపిరి తీసుకుంటాం. ఆ ఊపిరే ఫుల్‌స్టాప్. ‘బట్’ తర్వాత మాత్రం మామూలుగా కామా పెట్టకూడదు, మాట్లాడేటప్పుడు అక్కడ ఆగినా సరే. ‘ఆల్దో’ ఉపవాక్యం ముందొస్తే అది ముగిసిన చోట కామా పెట్టండి.

వాక్యాన్ని ‘బట్’తో మొదలుపెట్టకూడదని బడిలో చెప్పేవారు. వ్యాకరణం దాన్ని తప్పనదు. పత్రికల్లో, పుస్తకాల్లో నిత్యం కనిపిస్తుంది. పరీక్ష వ్యాసంలో, అధికారిక లేఖలో తగ్గించుకుంటే మంచిది, అంతే.

ఎనిమిదో మెట్టు: ఎవరితో మాట్లాడుతున్నారు?

స్నేహితురాలికి వాట్సాప్‌లో ‘నెవర్‌దలెస్’ పంపితే, వంటింట్లో అమ్మతో ‘అయినప్పటికినీ’ అన్నట్టుంటుంది. మాటల్లో ‘స్టిల్’, ‘బట్’, చివరన వచ్చే ‘దో’ హాయిగా ఉంటాయి. ఆ చివరి ‘దో’ మనకు కొత్తేమీ కాదు.

‘బిర్యానీ బాగుంది. కాస్త కారం ఎక్కువైంది గానీ.’
‘ద బిర్యానీ వాజ్ గుడ్. ఎ బిట్ స్పైసీ, దో.’

చివర వేలాడే ఆ ‘గానీ’ ఎంత మెత్తగా ఉంటుందో ‘దో’ కూడా అంతే మెత్తగా ఉంటుంది. ఎదుటివాళ్లను నొప్పించకుండా లోపం చెప్పడానికి ఇంతకంటే మంచి మాట లేదు. ‘ఆల్దో’ను మాత్రం ఇలా చివర పెట్టకూడదు.

ఆఫీసు రాతలో ‘హౌఎవర్’, ‘దట్ సెడ్’ సరిపోతాయి. ‘దట్ సెడ్’ అంటే ‘ఇంత చెప్పాక ఒక మాట’ అన్నట్టు. ‘యెట్’లో ఆశ్చర్యం పాలు ఎక్కువ. ‘హీ నెవర్ వెంట్ టు స్కూల్, యెట్ హీ రెడ్ త్రీ లాంగ్వేజెస్.’ బడి ముఖం చూడలేదు, అయినా మూడు భాషలు చదివేవాడు. ఇక్కడ ‘బట్’ వేస్తే వాక్యం బతుకుతుంది, ఆశ్చర్యం మాత్రం చచ్చిపోతుంది.

తొమ్మిదో మెట్టు: మీ రాత ముందు పెట్టుకుని

ఇప్పుడు ఆ అమ్మాయి వ్యాసంలోని ఒక పేరానే తీసుకుందాం. ఇద్దరం కూర్చుని దిద్దినది ఇదే.

‘ఐ వాంటెడ్ టు స్టే ఇన్ మై విలేజ్ బట్ దేర్ వర్ నో జాబ్స్. ఐ కేమ్ టు హైదరాబాద్ బట్ ద రెంట్స్ వర్ హై. ఐ థాట్ ఐ వుడ్ బి లోన్లీ బట్ ఐ మేడ్ ఫ్రెండ్స్. మై బ్రదర్ లైక్స్ ద సిటీ బట్ ఐ మిస్ ద ఫీల్డ్స్.’

ముందు అన్ని ‘బట్’ల కింద గీత గీయమన్నాను. ఒక్కోదాన్ని తెలుగులో చెప్పమన్నాను.

మొదటిది ‘ఊళ్లోనే ఉందామనుకున్నాను కానీ ఉద్యోగాలు లేవు’ అంది. బరువు ఉద్యోగాల మీదే ఉంది. అది మార్చాల్సిన పని లేదు, ముందు ఒక కామా పెట్టి ‘బట్’నే ఉంచేశాం. అన్నీ మార్చాలనే కంగారు వద్దు, ‘బట్’ మంచి మాట.

రెండోదాని దగ్గర అడిగాను: ‘అద్దెల గురించి బాధపడుతున్నావా, లేక అద్దెలున్నా వచ్చానంటున్నావా?’ కాసేపు ఆలోచించి, ‘అద్దెలు అంతంత ఉన్నా వచ్చేశాను సార్’ అంది. అంటే బరువు రావడం మీద ఉంది, అద్దె వెనక్కి వెళ్లాలి. తను మొదట రాసిన వాక్యం దీనికి తిరగబడి ఉంది. ‘డిస్పైట్ ద హై రెంట్స్, ఐ మూవ్డ్ టు హైదరాబాద్’ అయింది. ఆ అమ్మాయి ముఖంలో వెలుగు అప్పుడే చూశాను. మాట మారిందని కాదు, తను చెప్పాలనుకున్నది ఇప్పుడు కాగితం మీద ఉందని.

మూడోదానికి ‘ఒంటరినైపోతాననుకున్నాను, దానికి బదులు స్నేహితులు దొరికారు’ అంది. ‘బదులు’ అని తన నోటే వచ్చింది కాబట్టి ‘ఇన్‌స్టెడ్’. దీని ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ కావాలి, మేం ఫుల్‌స్టాప్ పెట్టాం.

నాలుగోది చెప్పనక్కర్లేకుండానే తనే అంది: ‘అన్నయ్యకేమో పట్నం ఇష్టం, నాకేమో పొలాలు గుర్తొస్తుంటాయి.’ రెండు ‘ఏమో’లు వచ్చాయి, కాబట్టి ‘వైల్’.

‘ఐ వాంటెడ్ టు స్టే ఇన్ మై విలేజ్, బట్ దేర్ వర్ నో జాబ్స్. డిస్పైట్ ద హై రెంట్స్, ఐ మూవ్డ్ టు హైదరాబాద్. ఐ హాడ్ ఎక్స్‌పెక్టెడ్ టు బి లోన్లీ. ఇన్‌స్టెడ్, ఐ మేడ్ ఫ్రెండ్స్. మై బ్రదర్ లవ్స్ ద సిటీ, వైల్ ఐ స్టిల్ మిస్ ద ఫీల్డ్స్.’

ఇలా దిద్దేటప్పుడు ఒక పేరాలో వరుసగా నాలుగు వాక్యాలూ తేడా మాటలతోనే ఉంటే ఒకటి రెండు తీసేసి చూడండి. ‘అన్నయ్యకు పట్నం ఇష్టం. నాకు పొలాలు గుర్తొస్తాయి.’ ఏ మాటా లేకుండానే తేడా తెలిసిపోతోంది. ఇంగ్లిష్‌లోనూ అంతే, రెండు పొట్టి వాక్యాలు పక్కపక్కన నిలబడితే చదివేవాళ్లే కలుపుకుంటారు. పొందిక ఎంత బాగున్నా అది కంటికి కొట్టొచ్చినట్టు కనబడకూడదు, పరీక్షలో పై బ్యాండ్లకు, అంటే ఎక్కువ స్కోరుకు, వెతికేదీ అదే.

పేరా అంతా తిరగరాశాక ఆ అమ్మాయి చివరి వాక్యంలో ‘స్టిల్’ మీద వేలు పెట్టి, ‘ఇదీ తేడా మాటేనా సార్, ‘వైల్’ ఉండగా మళ్లీ ఎందుకు?’ అని అడిగింది. మంచి ప్రశ్న. వాక్యం మొదట్లో కామాతో వచ్చే ‘స్టిల్’ ‘అయినా’ అవుతుంది. క్రియ పక్కన వచ్చే ‘స్టిల్’ ‘ఇంకా’ అవుతుంది. ఇక్కడున్నది రెండోది. పొలాలు తనకి ఇంకా గుర్తొస్తూనే ఉన్నాయి.